రాకీ కొండల్లో విల్లంబుల వేట: బాణం వదిలే ముందు, వదిలిన తరువాత

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నన్ను పిలిచిన మిత్రులు కొండల్లో సాగే విల్లువేట గురించి మాట్లాడమన్నారు. ఇక్కడ కూర్చున్నవారిలో కొందరు వచ్చే సెప్టెంబరులో తొలిసారిగా విల్లు పట్టుకొని కొలరాడో కొండలు ఎక్కబోతున్నారని విన్నాను. అందుచేత సామాను సంగతి క్లుప్తంగా ముగించి, బాణం వదిలే ముందు ఏం చూసుకోవాలి, వదిలిన తరువాత ఎలా నడుచుకోవాలి అన్న విషయం మీదే ఎక్కువసేపు నిలబడతాను. నేను పద్నాలుగేళ్లుగా ఈ కొండలకు వెళుతున్నాను. ఇన్నేళ్లలో బాణం వదిలిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కుపెట్టి, చూసి, మళ్లీ దించుకున్న సందర్భాలు అంతకు ఎన్నో రెట్లు. నాకు వేట అంటే ఏమిటో నేర్పినవి ఆ దించుకున్న సందర్భాలే.

ముందుగా ఈ కాలం సంగతి. కొలరాడోలో ఎల్క్‌లు అనే పెద్ద జాతి జింకల విల్లువేట సెప్టెంబరు 2న మొదలై నెలాఖరుతో ముగుస్తుంది. పక్కనున్న వయోమింగ్‌లోనూ దాదాపు ఆ నెలే. మోంటానాలో సెప్టెంబరు తొలి శనివారం మొదలై ఆరు వారాల పాటు సాగుతుంది. తుపాకుల వేట ప్రధానంగా అక్టోబరులో మొదలవుతుంది. ఏడాది మొత్తంలో మగ ఎల్క్ తనంతట తాను నోరు విప్పి, తానెక్కడున్నదీ కొండకంతటికీ చాటే నెలను విల్లు పట్టినవారికి కేటాయించడం వెనుక ఒక లెక్క ఉంది. విల్లుతో కొండెక్కినవారిలో నూటికి ఎనభై మందికి పైగా ఉత్త చేతులతో దిగివస్తారు. వేలమంది నెల రోజులు అడవిలో తిరిగినా మందల మీద పడే భారం తక్కువగానే ఉంటుంది కనుక, ఇంత మంచి నెలను ఇంత ధారాళంగా ఇవ్వగలుగుతున్నారు. మన చేతిలోని పనిముట్టు పరిమితి వల్లనే మనకు ఈ నెల దక్కింది. ఆ పరిమితిని బరువుగా తలచేవారు తుపాకీ కాలం దాకా ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

విల్లుకు ప్రత్యేకంగా ఒక వేటకాలం కేటాయించిన తొలి అమెరికా రాష్ట్రం విస్కాన్సిన్. అది 1934 నాటి మాట. కాని నేటి విల్లువేటగాళ్ల విద్యకు మూలం వెదికితే 1911లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ దగ్గర, తన జనమంతా వలస వచ్చినవారి చేతుల్లో ఊచకోతకు గురికాగా ఒంటరిగా మిగిలి, ఆకలితో బయటికి వచ్చిన యాహి అనే ఆదివాసీ తెగకు చెందిన ఒక మనిషి దగ్గరికి వెళ్లాలి. అతడు తన పేరు ఎవరికీ చెప్పలేదు. ఇషి అని పిలిచారు. అతని భాషలో ఆ మాటకు మనిషి అని అర్థం. అతనికి వైద్యం చేసిన సాక్స్టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర శిష్యుడిగా చేరి విల్లు చేయడం, పొంచి ఉండడం, జంతువు గొంతుతో జంతువును రప్పించడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. ఆ అయిదేళ్లలో అతను అందించిన విద్యే పోప్ ద్వారా ఈ దేశపు వేటగాళ్లకు చేరింది. ఈ విషయం తెలియకుండా ఎవరూ విల్లు పట్టకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన చేతికొచ్చే కాంపౌండ్ విల్లు మాత్రం కొత్తది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ దానికి 1969లో పేటెంటు పొందాడు. విల్లు కొసల్లో ఉండే క్యామ్ చక్రాలు సగం దూరం లాగేసరికి తిరిగి, చివర్లో బరువును తగ్గిస్తాయి. 70 పౌండ్ల విల్లును పూర్తిగా లాగిన తరువాత, 80 శాతం తగ్గుదల ఉంటే, వేళ్ల మీద నిలిచేది 14 పౌండ్లే. పాతకాలపు వింటినారిని ఆకర్ణాంతం లాగి అయిదు క్షణాలు నిలబెట్టడమే కష్టం. దీన్ని నిమిషం నిలబెట్టవచ్చు. కొలరాడోలో చట్టం అడిగేది కనీసం 35 పౌండ్ల లాగుడు, కనీసం 7/8 అంగుళం వెడల్పున్న, రెండు ఉక్కు అంచులైనా ఉన్న ములికి. విల్లంబుల కాలంలో క్రాస్‌బో, అంటే తుపాకీలా మీట నొక్కి వదిలే అడ్డవిల్లు, పనికిరాదు. 1949 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి వేట శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి. ములికిని మాత్రం మీ ముంజేతి వెంట్రుకలు గొరిగేంత పదునుగా ఉంచుకోండి. సామాను గురించి నేను చెప్పదలచింది ఇంతే.

ఇప్పుడు జంతువు. ఎల్క్‌కు వాపిటి అని మరో పేరు ఉంది. షానీ ఆదివాసుల భాషలో తెల్లని పిరుదులు కలది అని అర్థం. ఈ కొండల్లో ఎదిగిన పోతు 700 పౌండ్ల దాకా తూగుతుంది. 1900 ప్రాంతంలో ఉత్తర అమెరికా అంతటా కలిపి లక్ష లోపే మిగిలాయి. 1913, 1914 సంవత్సరాల్లో ఎల్లోస్టోన్ నుంచి కొన్నిటిని తెచ్చి, నేటి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు ప్రాంతంలో వదిలారు. ఇవాళ ఒక్క కొలరాడోలోనే రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి. ఈ మలుపుకు డబ్బు కూడా కావలసివచ్చింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్నును రాష్ట్రాల వన్యప్రాణి పనులకు మళ్లించింది. 1972 సవరణతో ఆ పన్ను విల్లంబులకూ వర్తించింది. మీరు కొనే ప్రతి వేటవిల్లు ధరలో, తయారీదారు అమ్మిన ధర మీద వేసిన ఆ 11 శాతం పన్ను కలిసి ఉంటుంది.

సెప్టెంబరు ఎదకాలం. ఆగస్టులో కొమ్ముల మీది మెత్తని పొర రాలిపోతుంది. పోతులు చెట్లకు రాసి కొమ్ములకు నగిషీ పెట్టుకుంటాయి, బురదగుంటల్లో పొర్లి తమ మూత్రమూ బురదా ఒంటికి పట్టించుకుంటాయి, పెంటిలను మందగా పోగుచేసుకొని కాపలా కాస్తాయి. వాటి కూతను మొదటిసారి విన్నవారు అంత పెద్ద జంతువు గొంతులో నుంచి అంత సన్నని స్వరం వచ్చిందంటే నమ్మరు. అడుగున ఒక మూలుగుతో మొదలై, మెట్లు మెట్లుగా ఎగబాకి, ఈల వంటి కొసన నిలిచి, ఆ పైన రెండు మూడు గుర్రులతో తెగిపోతుంది. చీకట్లో ఆ కూత దగ్గరలో వినపడితే పక్కటెముకలు అదురుతాయి. పద్నాలుగేళ్ల తరువాత కూడా నాకు అదే అనుభవం.

ఆ కూత వినగానే అటువైపు పరుగు తీసేవాడు ఆ రోజు వేట పోగొట్టుకున్నట్లే, ఎందుకంటే కొండ మీద మొదట చూసుకోవలసింది గాలి. ఎల్క్ కంటికి కనపడినా తప్పించుకోవచ్చు, చెవికి వినపడినా అది మరో ఎల్క్ అడుగేమోనని కాసేపు ఆగుతుంది, కాని ముక్కుకు మనిషి వాసన తగిలితే మాత్రం రెండో ఆలోచన ఉండదు. మైదానంలో గాలి ఒక దిక్కు నుంచి వస్తే అక్కడి నుంచే వస్తుంది. కొండలో అలా కాదు. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే వాగు వెంట, లోయ వెంట కిందికి పారుతుంది. పొద్దెక్కి, ఎండ తగిలిన వాలు వేడెక్కగానే అదే గాలి తేలికై పైకి లేస్తుంది. మళ్లీ సాయంత్రం నీడ పడిన వాలు మీద కిందికి తిరుగుతుంది. రాత్రి పచ్చికబయళ్లలో మేసిన ఎల్క్ మంద తెల్లవారుతూనే పైకి, ఉత్తరపు వాలులోని చిక్కని చెట్లలోకి పడుకోవడానికి కదులుతుంది. అంటే తెల్లవారుజామున అవి ఎదురుగాలిని వాసన చూసుకుంటూ ఎక్కుతాయి. మనం వాటి వెనుక, కింది నుంచి అనుసరించవచ్చు. తొమ్మిదీ పదీ మధ్య గాలి ఊగిసలాడుతుంది, అప్పుడు కదలకూడదు. ఆ తరువాత గాలి పైకి నిలకడగా లేచినప్పుడు, చుట్టు తిరిగి వాటికి పైన చేరాలి.

నా జేబులో ఎప్పుడూ చిన్న ప్లాస్టిక్ సీసాలో తెల్లని పొడి ఉంటుంది. నొక్కితే పొగలాగా ఒక పిడికెడు బయటికి వస్తుంది. ఒక ఉదయం ఫ్లాట్ టాప్స్ అడవిలో, నాకు 60 గజాల దూరంలో, స్ప్రూస్ చెట్టు కొమ్మల వెనుక ఒక పోతు కొమ్ములు మాత్రమే కనపడుతున్నాయి. ఆ పొడి వదిలాను. అది నా మోకాళ్ల దాకా దిగింది, అక్కడ ఆగింది, ఒక్క క్షణం గాలిలో నిలబడింది, మెల్లగా వెనక్కు తిరిగి నా ముఖం మీదుగా పైకి, ఆ కొమ్ముల వైపు బయలుదేరింది. నేను వంగి, వచ్చిన దారినే 200 గజాలు వెనక్కు వెళ్లిపోయాను. ఆ పోతు మరో గంటసేపు అక్కడే కూసింది. నేను దాన్ని మళ్లీ చూడలేదు. అయినా ఆ మందకు నా వాసన తగలలేదు, కొండ దాటి పోలేదు. మరునాడు వేరొకరికి గాని, నాకే గాని ఆ అవకాశం మిగిలే ఉంది.

పిలుపు గురించి కొంచెం. నోట్లో పెట్టుకొనే పలుచని రబ్బరు పొరతో పెంటి గొంతును, గొట్టంతో పోతు కూతను అనుకరిస్తాం. ఇద్దరు కలిసి వెళ్లడం మేలు. విల్లు పట్టినవాడు ముందు, పిలిచేవాడు 40 గజాలు వెనుక. పిలుపు విని వచ్చే పోతు, పెంటి కనపడవలసిన చోటికి చూపు ఆనే దూరంలో ఆగిపోయి, కనపడితేనే ముందుకు వస్తుంది. అది ఆగే చోటు విల్లు పట్టినవాడికి దగ్గర కావాలంటే పిలుపు వెనుక నుంచి రావాలి. గ్రిజ్లీ ఎలుగులున్న మోంటానా, వయోమింగ్ కొండల్లో వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చప్పుడు లేకుండా నడుస్తూ, వాసన దాచుకొని, ఎల్క్ గొంతుతో పిలుస్తున్నాం. ఆ పిలుపు ఎలుగుకూ వినపడుతుంది. ఎలుగును తరిమే స్ప్రే డబ్బా సంచిలో కాక నడుముకు ఉండాలి. కొలరాడోలో సెప్టెంబరు నడుమ తొమ్మిది రోజులు గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు మజిల్‌లోడర్ తుపాకుల వారు కూడా అదే అడవిలో ఉంటారు. విల్లు పట్టినవారు నారింజ రంగు వేసుకోనక్కర లేదని చట్టం చెప్పినా, ఆ తొమ్మిది రోజులు నేను వేసుకుంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణానికి 40 గజాలు దాటడానికి దాదాపు అర సెకను పడుతుంది. వింటినారి చప్పుడు అంతకు చాలా ముందే, పదో వంతు సెకనులో జంతువు చెవిని చేరుతుంది. మిగిలిన వ్యవధిలో ఉలిక్కిపడిన జంతువు కాళ్లు ముడిచి కిందికి కుంగగలదు. కుంగకపోయినా, మామూలుగా నడుస్తున్న ఎల్క్ ఆ అర సెకనులో దాదాపు రెండు అడుగులు ముందుకు వేస్తుంది. జబ్బ వెనుక, ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. మీరు గురిచెక్క మీద 80 గజాల నుంచి అరచేయంత చోట బాణాలు గుచ్చగలిగినా సరే, ప్రాణం ఉన్న జంతువు విషయంలో దూరం మీ నైపుణ్యాన్ని బట్టి కాక, అది కదలడానికి మీరిచ్చే వ్యవధిని బట్టి తేల్చుకోవాలి. నా హద్దు 40 గజాలు. అలసట, ఎగశ్వాస ఉన్నప్పుడు 30.

కొండవాలు మరో మెలిక పెడుతుంది. 30 డిగ్రీల వాలులో కిందికి చూస్తే 40 గజాలుగా కనపడే దూరంలో బాణం మీద భూమ్యాకర్షణ పనిచేసేది సుమారు 35 గజాల మేరకే. 40కి గురి పెడితే బాణం పై నుంచి పోతుంది. పై నుంచి వేస్తున్నప్పుడు బాణం ఎక్కడ దిగుతుందని కాక, అవతలి పక్క ఎక్కడ బయటికి వస్తుందని ఊహించి గురి పెట్టాలి. జంతువు పక్కకు తిరిగి ఉండాలి, లేదా కొంచెం అవతలికి వాలి ఉండాలి. ఎదురుగా నిలబడి మిమ్మల్నే చూస్తుంటే విల్లు దించాలి. మొహం కనపడక కొమ్మల్లో కదలిక మాత్రమే కనపడుతుంటే విల్లు ఎత్తనే కూడదు.

దశరథుడి కథ మనకందరికీ తెలుసు. చిన్నప్పుడు దాన్ని శాపం కథగా విన్నాను. విల్లు పట్టిన తరువాత అది నాకు వేటగాడి కథగా వినపడింది. శబ్దభేది తెలిసిన అంత గొప్ప విలుకాడు, చీకట్లో కుండలో నీళ్లు నిండే చప్పుడు విని ఏనుగు తొండంతో నీళ్లు తాగుతోందని అనుకున్నాడు. అతని గురి తప్పలేదు. గురి తప్పకపోవడమే అక్కడ ఘోరం. ప్రతి సెప్టెంబరులో, సూర్యుడు అస్తమించిన తరువాత చట్టం ఇచ్చే అరగంట చివరి నిమిషాల్లో, చెట్ల మధ్య ఏదో నల్లగా కదిలినప్పుడు, ఆ కుండ చప్పుడు నా చెవిలో వినపడుతుంది.

తుపాకీ తూటా దెబ్బతో జంతువును పడగొట్టగలదు. బాణం కోస్తుంది, రక్తం పోవడం వల్లనే జంతువు చనిపోతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే చాలాసార్లు నిమిషం తిరగకముందే, 150 గజాల లోపే పడిపోతుంది. నురుగుతో కూడిన ఎర్రని రక్తం కనపడితే అదే గుర్తు. అయినా అరగంట కూర్చోవాలి. రక్తం చిక్కగా, ముదురు రంగులో ఉంటే బాణం కాలేయంలో దిగినట్లు. నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. బాణానికి పసరు వాసన వస్తే పొట్టలో దిగినట్లు. ఎనిమిది గంటలైనా, వీలైతే రాత్రంతా కదలకూడదు. గాయపడిన జంతువు తరిమేవాళ్లు లేకపోతే దగ్గరలోనే పడుకుంటుంది, లేవదు. తరిమితే, ఆఖరి శక్తితో మైళ్లు నడుస్తుంది.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. నా నాలుగో ఏడాది, ఒక సాయంత్రం, బురదగుంట దగ్గర ఒక పోతు వచ్చింది. 38 గజాలు. నడుస్తోంది. నోటితో ఒక్క పెంటి పిలుపు పిలిస్తే ఆగేది. నేను పిలవలేదు; ఆగదేమోనన్న తొందరలో బాణం వదిలాను. తడిసిన డప్పు మీద కొట్టినట్లు చప్పుడు వచ్చింది. బాణం గడ్డిలో దొరికింది. ఈకల దాకా నల్లని రక్తం, ముక్కుకు పెట్టుకుంటే పుల్లటి వాసన. ఏం జరిగిందో నాకు స్పష్టంగా తెలుసు. అయినా శిఖరం వెనుక మబ్బు కమ్ముతోందని, వాన పడితే జాడ చెరిగిపోతుందని నాకు నేను చెప్పుకొని, నలభై నిమిషాలకే లేచాను. ఎనభై అడుగులు వేశానో లేదో, పొదలో కట్టెలు విరిగిన చప్పుడు. పడుకున్నదాన్ని నేనే లేపాను. అది పడుకున్న చోట గడ్డి ఇంకా వెచ్చగా ఉంది, అరచేయంత మడుగు నల్లగా మెరుస్తోంది. ఆ రాత్రి వాన పడింది. రెండు రోజులు గుండ్రంగా, గీతలుగా, వాగు వెంట వెదికాను. మూడో రోజు ఉదయం కాకోలాల అరుపు విని వెళ్లేసరికి, అది మైలున్నర అవతల, పడిపోయిన చెట్ల మధ్య ఉంది. ఎండకు మాంసం పాడైపోయింది. నా అనుమతి చీటీని దాని కొమ్ముకు కట్టాను. ఆ ఏడాది నా వేట అక్కడితో ముగిసింది. నేను ఆ సాయంత్రం ఒక చెట్టుకు ఆనుకొని తెల్లవార్లూ కూర్చుని ఉంటే అది ఆ పొదలోనే, ఎనభై అడుగుల దూరంలో, వానలో తడుస్తూ దొరికేది.

అప్పటి నుంచి బాణం వదలగానే చేసే పని ఒకటి అలవాటు చేసుకున్నాను. గడియారం చూసి సమయం కాగితం మీద రాస్తాను. జంతువు నిలబడిన చోటును, చివరిసారి కనపడిన చెట్టును దిక్సూచితో గుర్తు పెట్టుకుంటాను. సంచి దించి కూర్చుంటాను. రాసిన సమయం కళ్లముందు ఉంటే, మనసు నలభై నిమిషాలను నాలుగు గంటలని నమ్మించలేదు.

జంతువు దొరికిన తరువాత అసలు శ్రమ మొదలవుతుంది. సెప్టెంబరు మధ్యాహ్నాలు వేడిగా ఉంటాయి. ఆ మందమైన తోలు కింద, తొడ ఎముక చుట్టూ ఒంటి వేడి గంటల తరబడి నిలిచి మాంసాన్ని లోపలి నుంచి పులిపిస్తుంది. వీలైనంత త్వరగా తోలు తీసి, నాలుగు తొడలూ విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, నీడలో వేలాడదీయాలి. ఒక తొడకు లింగం తెలిపే గుర్తును సహజంగా అంటుకొని ఉన్నట్లే ఉంచాలి, అది చట్టం. ఎముక తీసిన తరువాత కూడా 200 పౌండ్లకు పైగా మాంసం ఉంటుంది. 1964 చట్టం కింద రక్షించిన వన్యప్రాంతాల్లో వాహనాలే కాదు, చక్రాల బండి కూడా పనికిరాదు. గుర్రం లేకపోతే వీపే దిక్కు. పది వేల అడుగుల ఎత్తున గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు దాకా తక్కువ. అందుకని, బాణం వదిలే ముందు వేసుకోవలసిన చివరి లెక్క ఇదే. ఇది ఇక్కడ పడితే ఎన్ని మోతలు, ఎంత దూరం, ఎన్ని గంటలు? నాలుగు మైళ్లు దాటి మీరొక్కరే ఉంటే, ఎంత దగ్గరగా వచ్చినా, ఎంత పెద్ద కొమ్ములున్నా, విల్లు దించండి. జంతువును దించి తెచ్చాక దాని తలను జింకల క్షీణ రోగపు పరీక్షకు ఇవ్వండి. ఆ రోగాన్ని మొదట 1967లో కనిపెట్టింది కొలరాడోలోనే. ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని వేరుగా ఉంచండి.

బయటి ఆవరణలో 30 గజాల దూరంలో గురిచెక్క ఒకటి నిలబెట్టించాను. విల్లు తెచ్చుకున్నవారు రండి. ముందుగా ఈ మెట్లను రెండుసార్లు వేగంగా ఎక్కి దిగి, వీపున సంచి తగిలించుకొని, ఒక మోకాలి మీద కూర్చొని వేద్దాం. చేయి వేడెక్కడానికి వేసే బాణాలు ఉండవు. ఒక్కొక్కరికి ఒక్క బాణం.